తవుడుకిచ్చిన బిడ్డ

పోయిన వారం మా వీధిలో నాకు పొగరుబోతు అని పేరొచ్చింది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేసి, పిల్లల చేత ఎన్నెన్నో పేర్లు పెట్టించుకున్నదాన్ని కాబట్టి ఇదేమంత బరువైన పేరు కాదు. అయినా జరిగింది చెప్పాలి. పక్కింటి కోడలికి రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి మగపిల్లవాడు పుట్టాడు. పదకొండో రోజున స్నానం చేయించి, చేటలో పాతచీర మడతపెట్టి పరిచి, దాని మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టుకుని అత్తాకోడళ్లిద్దరూ నా గుమ్మంలోకి వచ్చారు. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఒకామె చేతిలో గిన్నెడు తవుడు. "టీచరమ్మా, నీ చెయ్యి మంచిది. ఈ తవుడు మా కోడలి ఒడిలో పోసి బిడ్డను కొనుక్కో. పొద్దు గూకేలోపల మళ్లా మేమొచ్చి కొనుక్కుంటాం" అంది ఆ అత్త. నేను తలుపు సగం మూసి, నాకిలాంటివి గిట్టవు, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాను. అన్న తీరు కూడా బాగాలేదు. బాలింత మొహం చిన్నబోయింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనకాల ఎవరో గొణగడం వినిపించింది. నిజమేననుకున్నాను గానీ తలుపు తీయలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా కడప జిల్లాలో ఏ ఇంట్లోనైనా పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, ఆ తరువాత పుట్టిన బిడ్డను వేరేవాళ్లకు తవుడుకు అమ్ముతారు. కొన్నవాళ్లు ఒక పూటో ఒక రోజో తమ ఇంట్లో ఉంచుకుంటారు. మళ్లీ తల్లి వెళ్లి, అదే తవుడు తిరిగిచ్చి, పరాయి బిడ్డను సాకడానికి తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటుంది. ఈ బిడ్డ వీళ్లది కాదు, పైగా గిన్నెడు తవుడు కంటే ఎక్కువ చెయ్యదు అని యముడు నమ్మి, వచ్చినదారినే వెళ్లిపోతాడని నమ్మకం. అంతటి యముడు తవుడుకు మోసపోతాడా అని మీరు అడగవచ్చు. నేనూ చిన్నప్పుడు అడిగి మొట్టికాయ తిన్నాను. అలా అమ్మి తెచ్చుకున్నవాళ్లే మా ఊళ్లలోని తవుడమ్మలు. ఎంగిలి పుల్లాకుల మీద దొర్లించినవాళ్లు పుల్లమ్మలు, పెంటదిబ్బ మీద పడుకోబెట్టినవాళ్లు పెంటయ్యలు, దర్గాలో ఫకీరు చేతికిచ్చి తెచ్చుకున్నవాళ్లు మస్తానమ్మలు. బడిలో హాజరు పిలుస్తుంటే ఆ పేర్లకు పిల్లలు సిగ్గుపడి తల దించుకునేవాళ్లు. అది మీ అమ్మ మీకోసం పడిన భయం రా, సిగ్గుపడకండి అని నేను చెప్పేదాన్ని. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదని పాపం వాళ్లకు తెలియదు.

మా అమ్మకు ఒక్కతే చెల్లెలు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఆమెను జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డునున్న ఒక పల్లెలో ఇచ్చారు. ఇరవై ఎకరాల సేద్యం, రెండు కాండ్లు, అంటే నాలుగు ఎద్దులు, నోరున్న అత్త. ఆ అత్తను మేమందరం అవ్వ అనేవాళ్లం. సెలవులిచ్చారంటే చాలు, నేను ప్రొద్దుటూరులో బస్సెక్కి చిన్నమ్మ ఇంట్లో వాలిపోయేదాన్ని. చిన్నమ్మ మూడో తరగతితో చదువాపేసింది. నాకు జడవేస్తూ, నా ఇంగ్లీషు పుస్తకం తెరిపించి, గట్టిగా చదవమనేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లార్పకుండా వినేది. "మా పాప చదువుతాంటే రేడియోలో దొర మాట్లాడినట్టే ఉంటాది" అని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. ఆ పొగడ్త నాకు ఆమె పెట్టే బెల్లపు బొరుగుల కంటే తీపిగా ఉండేది. నిజానికి అప్పటి నా చదువు మిడిమిడి జ్ఞానం. ఇంగ్లీషు గడగడా చదవగలను. చదివినదాంట్లో సగం నాకే తెలియదు. ఆ సంగతి ఆ పల్లెలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా జాగ్రత్తపడేదాన్ని.

చిన్నమ్మకు మొదటి బిడ్డ తొమ్మిదో నెలలో పోయాడు. రెండోవాడు పదో నెలలో పోయాడు. జ్వరమని ఒకసారి, విరేచనాలని ఒకసారి. మూడోది ఆడపిల్ల, చెనక్కాయలు పీకే రోజుల్లో పుట్టింది. పుట్టుకతోనే అవ్వ ముక్కు, అవ్వ నొసలు. ఎవరైనా ఎత్తుకుంటే నచ్చకపోతే అచ్చం అవ్వలాగే మొహం పక్కకు తిప్పేది. పిల్లకు నాలుగో నెల వచ్చేసరికి అవ్వకు అన్నం సయించడం మానేసింది. తవుడుకు అమ్మి తీరాలని తీర్మానించింది. అయితే అవ్వ ఏ పనైనా అందరిలా చేస్తే ఆమె అవ్వ ఎందుకవుతుంది. పక్కింటివాళ్లకిస్తే యముడు గోడ మీద నుంచి తొంగిచూసి కనుక్కోడా అని ఆమె వాదన. ఎంత దూరపు చెయ్యయితే అంత మంచిదట. మన కులం కాని చెయ్యి, మన మతం కాని చెయ్యి, వీలయితే మన దేశమే కాని చెయ్యి. పైగా ఒక పూట చాలదు. పోయినవాళ్లిద్దరూ ఏడాది దాటలేదు కాబట్టి, ఏడాది నిండేదాకా తల్లి నీడ ఆ బిడ్డ మీద పడకూడదు. పులివెందులలో అప్పట్లో ఒక పిల్లల ఆశ్రమం ఉండేది. ఇప్పుడు లేదు, ఆ స్థలంలో అంగళ్లు కట్టారు. అక్కడికి ఏడాదికి రెండుసార్లు ఒక తెల్ల దొరసాని వచ్చిపోయేది. ఆమె చేతికి బిడ్డను అమ్మితే యముడు కాదు గదా, వాడి దున్నపోతు కూడా వాసన పట్టలేదని అవ్వ తేల్చేసింది. చిన్నాయన మొదట నవ్వాడు. రెండు చిన్న గుంతలు తన చేతులతోనే తవ్వినవాడు, ఎంతసేపు నవ్వుతాడు? మరుసటి రోజు ఆయనే బస్సుల వేళలు కనుక్కుని వచ్చాడు.

శివరాత్రి సెలవులకు నేను అక్కడే ఉన్నాను. డిగ్రీ మొదటి సంవత్సరం. కాగితాలేవైనా ఉంటే చదవడానికి పనికొస్తానని నన్నూ బయల్దేరదీశారు. నేను కొత్త ఓణీ వేసుకున్నాను. ముద్దనూరులో బస్సు మారి పులివెందుల చేరేసరికి ఎండెక్కింది. ఆశ్రమం మేనేజరు కోస్తావాడు, బక్కపలచని మర్యాదస్తుడు. మావాళ్ల మాట అతనికి సగమే అందేది. అతని మాట మావాళ్లకు పూర్తిగా అందేది గానీ, నచ్చేది కాదు. అవ్వ ఇంటి నుంచి మోసుకొచ్చిన తవుడు చేటలో పోసి దొరసాని చేతికిచ్చి, చిన్నమ్మ ఒడిలో పొయ్యమని సైగ చేసింది. ఏదో మన మొక్కుబడి అనుకుని ఆమె నవ్వుతూ పోసింది. ఫొటో కూడా తీయించుకుంది. తరువాత బిడ్డను ఎత్తుకుంది. పిల్ల మొహం తిప్పుకోలేదు. అవ్వ అది మంచి శకునమంది. సంవత్సరం నిండిన రోజు వచ్చి తవుడు తిరిగిచ్చి బిడ్డను తీసుకుపోతామని అవ్వ మేనేజరుకు రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ తల ఊపాడు. అతనికి అర్థం కాలేదో, అర్థమైనా కానట్టు ఊరుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. అతను మొద్దో మోసగాడో తేల్చుకోలేకనే సగం జీవితం గడిచింది.

తరువాత అతను స్టాంపు కాగితాలు తీశాడు. మూడు పేజీల ఇంగ్లీషు. రూలు ప్రకారం చదివి వినిపించాలి, చదువుకున్నవాళ్లు మీలో ఎవరున్నారు అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను లేచి నిలబడి, పైట సర్దుకుని, గడగడా చదివాను. మదర్ తెలుసు, చైల్డ్ తెలుసు, కేర్ తెలుసు. మధ్యలో 'రెలింక్విష్' అని ఒకటి, 'ఇర్రివోకబుల్' అని ఒకటి వచ్చాయి. అంతకుముందు వాటి మొహం ఎరగను. రెండోది నోరు తిరగదేమోనని మనసులో ఒకసారి కూడబలుక్కుని మరీ తడబడకుండా దాటాను. అర్థమైందామ్మా అని మేనేజరు అడిగితే "యస్ సార్" అన్నాను. అప్పుడు చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఏం రాసినారు పాపా?" అని అడిగింది. నాకు తెలియలేదు చిన్నమ్మా, ఇంకెవరికైనా చూపించి చేద్దాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. అవ్వ చూస్తోంది, చిన్నాయన చూస్తున్నాడు, దొరసాని కూడా చూస్తోంది. "నీ బిడ్డను బాగా చూసుకుంటామని రాసినారు చిన్నమ్మా, ఏం భయం లేదు" అన్నాను. చిన్నమ్మకు సంతకం చేయడం వచ్చు గానీ, కలం పక్కన పెట్టి వేలిముద్ర వేసింది. చిన్నాయన సంతకం చేశాడు. సాక్షి కావాలన్నాడు మేనేజరు. నీకు పద్దెనిమిది నిండాయా అని నన్నడిగాడు. నిండి నలభై రోజులైందని గొప్పగా చెప్పి, ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా, చివర వంకర తిప్పి, కింద గీత గీసి, ఇంగ్లీషులో సంతకం పెట్టాను. ఒక కాగితం మీద అంత పనికొచ్చే సంతకం నేను పెట్టడం అదే మొదలు.

ఆ ఎనిమిది నెలలూ చిన్నమ్మ ఎలా గడిపిందో నేను పూర్తిగా చూడలేదు. మొదటి పదిహేను రోజులు పాలు పిండి మల్లెచెట్టు మొదట్లో పోసేదని అమ్మ చెప్పింది. ఉగాది తరువాత చిన్నాయన ఒకసారి వెళ్లి, గేటు దగ్గర నుంచే చూసి, బిడ్డ బాగా ఒళ్లు చేసిందని సంబరంగా వచ్చి చెప్పాడు. మళ్లీ పోతానంటే అవ్వ పోనివ్వలేదు. తండ్రి నీడ మాత్రం నీడ కాదా అందట. సంవత్సరం నిండిన గురువారం నాడు, ఇత్తడి చెంబులో తవుడు, ప్రొద్దుటూరులో కొన్న గౌను తీసుకుని ముగ్గురూ వెళ్లారు. నేను కాలేజీలో ఉన్నాను. ఆ సాయంత్రం చిన్నాయన ఒక్కడే మా ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నాయన లోపలికి రమ్మన్నా లేవలేదు, మంచినీళ్లిచ్చినా తాగలేదు. బిడ్డ రెండు నెలల కిందటే విమానమెక్కి వెళ్లిపోయిందట. ఏ దేశమో చెప్పే హక్కు తనకు లేదన్నాడట మేనేజరు. మీరే ఇష్టపడి రాసిచ్చారు గదా అని కాగితం చూపించాడట. పల్లెలో రెండు జీపుల మనుషులు కట్టెలు పట్టుకుని లేచారు. ఊరి పెద్ద వాళ్లను ఆపి, ఆ కాగితం నకలు తెప్పించి జమ్మలమడుగు ప్లీడరు చేత చదివించాడు. వేలిముద్రా సంతకాలూ మీవే, సాక్షీ మీ పిల్లే, మీ కేసు కోర్టులో నిలవదు అన్నాడట ప్లీడరు. గట్టు తగాదాకు తలలు పగలగొట్టుకునే మా సీమవాళ్లు మూడు పేజీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అవ్వ మాత్రం పోయేదాకా ఒకటే మాట పట్టుకుని వేలాడింది: "బతికింది గదా. యాడనో ఒకచోట బతికింది గదా."

నన్నెవరూ ఏమీ అనలేదు. అంతా ఆ మేనేజరునీ, దొరసానినీ, తలరాతనీ తిట్టారు. నేను తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. మరుసటి రోజు కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. ఒక మాటకు వదులుకోవడమని, రెండో మాటకు వెనక్కి తీసుకోరానిదని ఉంది. పుస్తకం మూసి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఆ రోజు అన్నం తినగలిగానన్నది మాత్రం నేను మరిచిపోలేదు. తరువాత పట్టుబట్టి ఇంగ్లీషు చదివి, టీచరునయ్యాను. ఇది నా ప్రాయశ్చిత్తమని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నెలనెలా జీతమిచ్చే ప్రాయశ్చిత్తం లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ఆడవాళ్లు చదువుకోవాలని మీటింగుల్లో మాట్లాడినప్పుడు చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

చిన్నమ్మకు ఆ తరువాత ఇద్దరు కొడుకులు పుట్టారు. ఏ తవుడూ లేకుండానే బతికారు. చిన్నవాడు పురుగుమందుల అంగడి పెడతానని ప్రొద్దుటూరులో గది చూసుకుంటే, చిన్నమ్మ ఒప్పుకోలేదు. పులివెందులలో అయితే నీతో వచ్చి ఉంటాను, ఇంకే ఊరైనా రానంది. వాడికి కారణం తెలియక, అమ్మకు చాదస్తమని విసుక్కుంటూ పులివెందులలోనే పెట్టాడు. ఆశ్రమం ఎత్తేసి అప్పటికే చాలా ఏళ్లయింది. చిన్నమ్మ ఉన్న ఇల్లు ఆ స్థలానికి రెండు వీధుల అవతల. సాయంత్రాలు అక్కడి అంగళ్ల ముందు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆడపిల్లల మొహాలు చూసేదని కోడలు నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వేదాన్ని. ఇంకేం చేయను?

ఆరేళ్ల కిందట ఆ చిన్న తమ్ముడే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, డెన్మార్కు నుంచి ఎవరో ఆడమనిషి వచ్చాందంట. మా అమ్మ కూతురంట. మాకు ఇంగిలీసు రాదు, నువ్వు రావల్ల" అన్నాడు. వాడి గొంతులో భయం వినిపించింది. భయం నాకూ పట్టుకుంది. హైదరాబాదు వకీలు ఒకాయన సాయంతో పల్లె పేరు పట్టుకుని కనుక్కున్నారట. ఆమె, ఆమె భర్త ఎర్రగుంట్లలో రైలు దిగారు. ప్రొద్దుటూరు లాడ్జిలో దించి, మరుసటి రోజు పులివెందుల పోవాలని మా ఏర్పాటు. ప్లాట్‌ఫారం మీద జీన్సు ప్యాంటు వేసుకుని అవ్వ నడిచి వస్తోంది. అదే ముక్కు, అదే నొసలు. నేను కాఫీ తెప్పిస్తే ఒక గుక్క తాగి, నచ్చక మొహం పక్కకు తిప్పింది. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చి దగ్గుతో సరిపెట్టాను.

తల్లి దగ్గరికి చీరలో వెళ్తానంటే ఆ సాయంత్రం బట్టల అంగడికి తీసుకుపోయాను. అక్కడి గుమాస్తా చెమటలు కక్కుతున్న ఆమె తెల్ల భర్తతో వచ్చీరాని ఇంగ్లీషులో, ఆమెతో గడగడా తెలుగులో మాట్లాడాడు. ఆమె తనకు తెలుగు రాదని ఇంగ్లీషులో చెప్పింది. వాడు నమ్మలేదు. చూస్తే మన మాదిరే ఉంది, ఏం బడాయి అని పక్కవాడితో అన్నాడు. ఏమన్నాడని నన్నడిగింది. రంగు బాగుందన్నాడని చెప్పాను. అనువాదంలో నాది పాత అలవాటే. బయటికొచ్చాక ఆమె అంది: "అక్కడ నన్ను చూసినవాళ్లందరూ ఏ దేశం నీది అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగరు, నేరుగా మాట్లాడేస్తారు. రెండుచోట్లా నా దగ్గర జవాబు లేదు." పెంచిన తల్లిదండ్రులు మంచివాళ్లు. తండ్రి రైలింజన్లు బాగుచేసేవాడు, తల్లి నర్సు. విమానం దిగిన రోజును ప్రతి ఏడూ పండగలా చేసి కేకు కోసేవాళ్లట. మీ అమ్మకు నువ్వంటే ఎంతో ప్రేమ, అందుకే నిన్ను మాకిచ్చింది అని చెప్పేవాళ్లట. ఆ మాటంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. ప్రేమున్నవాళ్లు ఇస్తారా అని ఎదురడిగితే ఇంకో కేకు ముక్క ఆమె పళ్లెంలో పెట్టేవాళ్లట. పెంచినవాళ్లిద్దరూ పోయాక బయల్దేరింది. ఆస్తి వద్దు, చుట్టరికం వద్దు, ఒకే ఒక ప్రశ్నకు జవాబు కావాలంది. అమ్మ నన్ను ఇచ్చిందా, లేక అమ్మ దగ్గర నుంచి నన్ను తీసుకున్నారా? తీసుకున్నారంటే నేను ఈమె బిడ్డను. ఇచ్చిందంటే తలుపు మూసేసి నా ఇంటికి పోయి నా పిల్లల్ని పెంచుకుంటాను అంది. అక్కడివాళ్లు ఆమెకు చూపించిన కాగితంలో 'తల్లి ఇష్టపూర్వకంగా ఇచ్చింది' అన్న ఒక్క ముక్కే ఉందట. అసలు కాగితాలు చూపించలేదట.

పులివెందులలో చిన్నమ్మ తెల్లారకముందే తలంటుకుని కూర్చుంది. కూతుర్ని చూసి లేవబోయింది. కూతురు వచ్చి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీదికి గుప్పిట్లో పట్టుకుంది. కొడుకులు, కోడళ్లు గోడకానుకుని నిలబడ్డారు. చిన్నమ్మ ఆమె చెవులు చూసింది, కాలివేళ్లు చూసింది. నేను కుట్టించిన చెవులేనా ఇవి అని నన్నడిగింది. పుట్టింది చెనక్కాయలు పీకేటప్పుడు, గురువారం అని చెప్పమంది. కాగితాల్లో పుట్టినరోజు వేరే ఉందట. నలభై ఏళ్లుగా ఎవరిదో పుట్టినరోజు చేసుకున్నానన్నమాట అని ఆమె నవ్వింది. ఆ నవ్వుతో గదిలో అందరికీ కొంచెం ఊపిరాడింది. అప్పుడు ఆమె తన ప్రశ్న అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఇచ్చినావా, తీసుకున్నారా?

చిన్నమ్మ నావైపు తిరిగింది. "ఇచ్చినానని చెప్పు పాపా" అంది. నేను ఆమె మీదికి వంగి మెల్లగా, అది నిజం కాదు గదా చిన్నమ్మా అన్నాను. చిన్నమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నా చెవిలో మాత్రమే పడేట్టు గొంతు తగ్గించింది. "మోసపోయినామంటే ఎవరు మోసం చేసినారని అడుగుతాది. నువ్వు ఆ పొద్దు చదివింది నీకే తెలీదని నాకు ఆ పొద్దే తెలుసు. నీ కండ్లు చూసినా. మా అత్తకు బయపడి నోరు మూసుకున్యా. ఇప్పుడు నీ పేరు చెప్పల్లనా? ఊరికే పోగొట్టుకున్యారంటే దాని బతుకంతా మండుతాంటాది. తెలిసే ఇచ్చినానంటే నన్నొక్కదాన్నే తిట్టుకుంటాది. ఆ తిట్లేవో నేను పడతాలే" అంది. నలభై ఏళ్లు నేను దాచిపెట్టాననుకున్నది ఆమె నా కోసం దాచిపెట్టింది. కాళ్ల మీద పడాల్సినదాన్ని. పడలేదు. గదిలో తమ్ముళ్లున్నారు, మరదళ్లున్నారు, ఇంగ్లీషు తెలిసిన పెద్దక్కను. కూతురు ఆత్రంగా, ఇంతసేపు ఏం చెప్పింది అని అడిగింది. "ఇచ్చానని చెబుతోంది" అన్నాను. కాగితంలో ఏముందో అప్పుడామెకు తెలుసా అని మళ్లీ అడిగింది. చిన్నమ్మను అడగకుండానే, "తెలుసు" అన్నాను. మొదటి అబద్ధం చిన్నమ్మది. రెండోది అచ్చంగా నాది.

ఆమె ఏడవలేదు. పెట్టిన భోజనం మర్యాదగా తిన్నది. వెళ్లేటప్పుడు చిన్నమ్మ రెండు చేతులూ చాచితే, ఆమె తన కుడిచెయ్యి ముందుకు పెట్టింది, ఆఫీసులో కలిసినవాళ్లకు పెట్టినట్టు. చిన్నమ్మ ఆ చేతినే రెండు చేతులతో పట్టుకుంది. కారు కదిలాక తమ్ముడు నాతో, ఎంతైనా బయటిదేశంలో పెరిగిన మనిషి గదక్కా, మనసు గట్టిది అన్నాడు. నేను అవునన్నాను.

ఆ తరువాత ఆమె ఏడాదికోసారి, కొత్త సంవత్సరానికి, నా ఫోనుకు ఒక ఫొటో పంపేది. మంచు, ఇద్దరు పిల్లలు, పేరు లేకుండా శుభాకాంక్షలు. మీ చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పండి అని రాసేది. నేను పులివెందుల వెళ్లినప్పుడల్లా చిన్నమ్మ ఆ ఫొటో అడిగి, ఫోను కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసేది. చిన్నపిల్లకు అవ్వ ముక్కు వచ్చిందని నాతో చెప్పేది. ఇంకేమీ అడిగేది కాదు. రెండేళ్ల కిందట నిద్రలోనే పోయింది. నేను కబురు రాస్తే ఆమె నుంచి జవాబొచ్చింది, మీకు కలిగిన దుఃఖానికి విచారిస్తున్నానని. మీకు అంది. నా తల్లి అనలేదు. ఎలా అంటుంది? అనకుండా చేసింది నేనే.

ఈ ఎండాకాలంలో ఆమె మళ్లీ రాసింది. వాళ్ల దేశంలో ఇప్పుడు పాత దత్తతల కాగితాలన్నీ బయటికి తీస్తున్నారట. ఆమె ఫైలు మొత్తం ఆమె చేతికొచ్చిందట. మూడో పేజీ ఫొటో తీసి పంపింది. చిన్నమ్మ వేలిముద్ర, పక్కన చిన్నాయన సంతకం, కింద చివర వంకర తిప్పి గీత గీసిన నా సంతకం. పెళ్లికి ముందరి ఇంటిపేరు అక్షరం, పైగా వంకర్లలో పేరు కూడదు కాబట్టి ఆమె పోల్చుకోలేదు. ఈ సాక్షి ఎవరో మీకు తెలుసా, బతికుంటే మాట్లాడాలి అని అడిగింది. ఎవరో ఆశ్రమంలో పనిచేసిన మనిషి, చనిపోయింది అని రాస్తే అయిపోయేది. కాదనేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అవ్వ లేదు, చిన్నాయన లేడు, చిన్నమ్మ లేదు. తొమ్మిది రోజులు ఆ ఫొటో తెరిచి మూసి, తెరిచి మూసి, పదో రోజు రాయడానికి కూర్చున్నాను. తవుడు సంగతి, అవ్వ భయం, ఆ సంవత్సరం నిండిన గురువారం ముగ్గురూ తవుడూ గౌనూ పట్టుకుని వెళ్లడం, చిన్నమ్మ పులివెందులలోనే ఎందుకు ఉందో, ఆ రోజు ఆమె నిజంగా ఏమందో అన్నీ రాశాను. ఆ సంతకం నాదే అని రాశాను. నిన్నెవరూ ఇవ్వలేదు అని రాశాను. ఈసారి నేను రాసిన ప్రతి మాటకూ నాకు అర్థం తెలుసు. చదివినట్టు గుర్తు వెంటనే వచ్చింది. జవాబు మాత్రం పదకొండు రోజుల తరువాత వచ్చింది, రెండే రెండు వాక్యాలు: "మా అమ్మ ఆ తరువాత నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లలో మీరు నాకెందుకు రాయలేదు?"

మా అమ్మ అని ఆమె రాయడం అదే మొదటిసారి. ఆ మాట వినవలసిన మనిషి రెండేళ్ల కిందటే వెళ్లిపోయింది. నేనింకా జవాబు రాయలేదు. ఏమని రాయను? ఆ నాలుగేళ్లూ నాకు జబ్బు లేదు, ఉద్యోగం లేదు, అడ్డుపడే మనిషి లేడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీవీ. ఫోను తలగడ పక్కనే ఉండేది. వచ్చినవాళ్లందరితో రిటైరయ్యాక పొద్దుపోవడం లేదమ్మా అని చెప్పుకునేదాన్ని. నాకు పొద్దుపోక విసుక్కున్న ఆ నాలుగేళ్లే చిన్నమ్మకు మిగిలిన కాలమంతా అని అప్పుడు నాకు తెలియకపోలేదు.